ఆ ముఖం పెట్టకండి

“హెడ్‌సెట్ కుర్చీలో వదిలేసి వెళ్ళానన్నారు. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఉందన్నారు. ఈ సంగతి పోలీసులకి చెప్పారా?”

“లేదండి.”

“ఎందుకు?”

“వాళ్ళు అడగలేదండి.”

అడక్కపోతే చెప్పరా అని నోటిదాకా వచ్చింది సూర్యకళకి. అనలేకపోయింది. అడగాల్సిన మనిషిని అడగకపోవడం గురించి తను ఎవరినీ నిలదీసే స్థితిలో లేదు.

గురువారం ఉదయం తొమ్మిదీ ముప్పై ఐదు. రాజమండ్రి దానవాయిపేటలో, డాక్టర్ ఫణిశ్రీ నడిపే మానసిక వైద్యశాల మేడ మీద గది. ఒక తిరుగుడు కుర్చీ, ఒక బల్ల, కంప్యూటరు, కళ్ళకి పెట్టుకుంటే కంప్యూటరులో కట్టిన చోటు చుట్టూ నిజంలా కనిపించే వీఆర్ హెడ్‌సెట్. ఎదురుగా నిలబడ్డ శశిభూషణ్ ఆ గదికి టెక్నీషియన్. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు.

మంగళవారం ఇదే కుర్చీలో సీతారామలక్ష్మి కూర్చుంది. యాభై రెండేళ్ళ టీచరు. మూడేళ్ళ క్రితం నడిలంక రేవులో పడవ మునిగి భర్త చంద్రరావుతో సహా నలుగురు పోతే, ఈతగాళ్ళు జుట్టు పట్టి లాగిన వాళ్ళలో ఆమె ఒకతె. అప్పట్నుంచీ నీళ్ళంటే భయం. కాలవ వంతెన మీద బస్సు వెళ్తుంటే కళ్ళు మూసుకునేది. ఆ భయం పోగొట్టడానికే ఇక్కడ వైద్యం. మొన్నటిది ఎనిమిదో సెషన్. అది అయ్యాక మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆమె శవం గోదావరి ఘాట్ దగ్గర దొరికింది.

నిన్న పొద్దున్నే ఆమె కూతురు హారతి వచ్చి సూర్యకళ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. “అమ్మ ఆత్మహత్య చేసుకుందంటున్నారండి. చచ్చిపోవాలనుకున్నా సరే, అమ్మ నీళ్ళ దగ్గరకి వెళ్ళదండి. నాన్న కేసు మీరే చూశారు కదా, మా ఇంటి సంగతులు మీకు తెలుసు కదా అని వచ్చాను” అంది.

తెలుసు. పడవ కేసు దర్యాప్తు చేసిన ఎస్సై సూర్యకళే. ‘పడవ నడిపే లోవరాజు పరిమితికి మించి జనాన్ని ఎక్కించడం వల్ల, గాలి తోడవడం వల్ల’ అని రాసి ఫైలు మూసింది. లోవరాజు కూడా ఆ నీళ్ళలోనే పోయాడు కనుక ఎవరూ ఎదురు చెప్పలేదు. రెండేళ్ళ క్రితం ఉద్యోగం వదిలి ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది గానీ, ఆ ఫైలు ఆమెని వదల్లేదు.

“మొదట్నుంచీ చెప్పండి. టైములతో సహా.”

“పదీ నలభై ఒకటికి హెడ్‌సెట్ పెట్టానండి. మామూలుగా అరగంట సెషను. ఆవిడ మధ్యలోనే ఆపమన్నారు. పదీ యాభై తొమ్మిదికి తీసేశాను. చేతులు వణుకుతున్నాయండి ఆవిడకి. చెయ్యి పట్టుకుని కింద డాక్టరుగారి గదికి తీసుకెళ్ళాను. అక్కడ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ పైకొచ్చేసరికి పదకొండూ పన్నెండు.”

“కంప్యూటరు ఆపి వెళ్ళారా?”

“లేదండి. సీను అలాగే వదిలేశాను. తలుపు కూడా తెరిచే ఉంది. ఆపేసి వెళ్ళాల్సిందండి. రెండు రోజుల్నుంచీ అదే అనుకుంటున్నాను.”

“ఈ డబ్బా ఎవరు ఎప్పుడు పెట్టుకున్నారో రికార్డవుతుందా?”

“ముఖానికి తగలగానే గుర్తుపడుతుందండి.”

“తెరవండి.”

తెర మీద నాలుగు వరసలు. 10:41 పెట్టుకున్నారు. 10:59 తీశారు. 11:03 పెట్టుకున్నారు. 11:09 తీశారు.

శశిభూషణ్ తెర మీదికి వంగాడు. “నేను చూడలేదండి ఇది.”

“ఆ పక్కనున్న అంకెలేంటి? యాభై తొమ్మిది, డెబ్బై ఒకటి?”

“కంటిపాపల మధ్య దూరమండి, మిల్లీమీటర్లలో. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కింద చిన్న చక్రం ఉంది చూడండి, అది తిప్పి సరిచేసుకోకపోతే బొమ్మ రెండుగా కనిపిస్తుంది. యాభై తొమ్మిది సీతారామలక్ష్మిగారిది.”

“మరి డెబ్బై ఒకటి?”

“తెలీదండి. నాది అరవై నాలుగు. డాక్టరుగారిది అరవై ఒకటి.”

“కొత్తవాడు పెట్టుకుంటే ఈ చక్రం ఉందని తెలుస్తుందా?”

శశిభూషణ్ తల అడ్డంగా ఊపాడు. “తెలీదండి. ఎవరో ఒకరు చూపించి ఉండాలి.”

సూర్యకళ ఆ అంకె రాసుకుని కిందకి దిగింది.

డాక్టర్ ఫణిశ్రీ ఓపీ ఆపేసి కూర్చుంది. నలభై దాటిన మనిషి. బల్ల మీద కాఫీ తాగకుండానే చల్లారిపోయింది.

“మీ వైద్యం వల్లే చనిపోయిందంటున్నారు” అంది సూర్యకళ.

“నాకూ ఆ అనుమానం లేకపోలేదండి” అంది డాక్టర్, ఏమాత్రం తప్పించుకోకుండా. “కానీ జరిగింది చెప్తాను, మీరే చూడండి. భయం ఉన్నచోటికి ఒక్కసారిగా తోసెయ్యకుండా మెల్లిమెల్లిగా తీసుకెళ్ళడమే ఈ పద్ధతి. మొదటి సెషన్లో ఉత్త ఏటిగట్టు. తర్వాత రేవు. తర్వాత పడవ ఎక్కే బల్లకట్టు. ఆవిడ ఏం చెప్తే శశి అది బొమ్మలో పెట్టేవాడు. ఇక్కడ తాటిదుంగ ఉండాలి, అక్కడ సైకిళ్ళు ఉండాలి అని ఆవిడే చెప్పేవారు. చెప్తున్నకొద్దీ భయం తగ్గింది. మరచిపోయినవి గుర్తొచ్చాయి.”

“అలా గుర్తొచ్చినవన్నీ నిజమేనా?”

“అన్నీ నిజమని నేను చెప్పలేను. మనసు కల్పించుకునేవీ ఉంటాయి. అందుకే ఎవరైనా సరిచూడాలి.”

“మంగళవారం మీ గదిలో ఏం మాట్లాడింది?”

డాక్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఇవాళ మొత్తం కనిపించింది డాక్టరుగారూ, మీకు ఒకటి చెప్పాలి అన్నారు. బయట పదిహేనుమంది ఉన్నారు. అలసిపోయారు కదా, శుక్రవారం చెబుదురుగాని, ఇంటికెళ్ళి పడుకోండి అన్నాను. సరేనమ్మా అని లేచారు. అప్పుడు పదకొండూ ఇరవై. అయిదు నిమిషాలు వినుంటే...”

ఆ అయిదు నిమిషాల బరువు సూర్యకళకి తెలుసు. మూడేళ్ళ క్రితం ఆసుపత్రి మంచం మీద సీతారామలక్ష్మి తడిసిన జుట్టుతో తన చెయ్యి పట్టుకుని, “పడవ ఒరిగేముందు ఇనప చప్పుడమ్మా, గరగరమని ఇనప చప్పుడు” అని మూడుసార్లు చెప్పింది. సూర్యకళ రాసుకున్న వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘సాక్షి షాక్‌లో ఉంది. పొంతన లేని మాటలు.’

“ఆ సీను నేను చూడాలి” అంది లేస్తూ.

పదీ పదికి శశిభూషణ్ ఆమె తలకి హెడ్‌సెట్ బిగించాడు. చక్రం తిప్పాడు. మసక విడిపోయి రేవు కనిపించింది.

సూర్యకళ మూడేళ్ళ క్రితం చూసిన రేవే. శవాలు వరసగా పడుకోబెట్టిన ఇసక ఇదే. ఇప్పుడు ఖాళీగా, ఎండగా ఉంది. తను పడవలో, వెనక వైపు బల్ల మీద కూర్చుని ఉంది. చుట్టూ మనుషులు ముఖాల్లేకుండా, బట్టలకొట్టు బొమ్మల్లా నిలబడ్డారు. ముందు పంచె కట్టుకున్న ఒక బొమ్మ గెడకర్ర పట్టుకుని ఉంది. లోవరాజు.

“మంగళవారం ఆవిడ అన్న మాటలు కూడా పెడతానండి. రికార్డు చేస్తాం” అన్నాడు శశిభూషణ్.

చెవిలో సీతారామలక్ష్మి గొంతు. నిలకడగా, పిల్లలకి పాఠం చెప్తున్నట్టు.

“ఆ చప్పుడు మళ్ళీ పెట్టండి బాబూ. అది కాదు. ఇంకొంచెం బరువుగా. ఆఁ... అదే. అదే చప్పుడు.”

చెక్క మీద ఇనుము ఈడ్చిన చప్పుడు సూర్యకళ చెవుల్ని కోసింది. ఆమె తల అటు తిప్పింది. పడవ వెనక ఎడమపక్క, నీలం పరదా కప్పిన ఒక దిమ్మ.

“ఇంజనండి అది. చేపల చెరువులో నీళ్ళు తోడే ఆయిలింజను. లోవరాజు వద్దంటున్నాడు. జనం దిగాక ఇంకో ట్రిప్పులో తీసుకెళ్తానంటున్నాడు. ఇంజను తెచ్చినాయన వినిపించుకోలేదు.”

మునిగిన పడవని మూడో రోజు పైకి తీశారు. అప్పుడు దాన్లో ఇంజను లేదు. మూడు రోజుల్లో ఎవరో మనుషుల్ని దింపి తీయించేశారు. సూర్యకళ వెతకలేదు. ఇనప చప్పుడు అన్న మాట రాసుకుని ఉంటే వెతికేది.

“గట్టు మీద ఒక ఆడమనిషి ఉంది చూడండి. ఆకుపచ్చ చీర. చేతిలో క్యారియరు. లోవరాజు భార్య, వీరమ్మ. పడవ కట్టిన తాడు పట్టుకుని వదలట్లేదు. ఇంజను దించితేగానీ వదలనంటోంది. ఆ ఇంజను తెచ్చినాయన ఆమె చేతిలోంచి తాడు లాగేశాడు.”

సూర్యకళ కుర్చీలోనే వెనక్కి తిరిగింది. గట్టు మీద ఆకుపచ్చ చీర బొమ్మ. దాని పక్కన తెల్ల చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచిన మగబొమ్మ. పిడికిట్లో తాడు.

“ఈయన ముఖం ఎలా ఉంటుందండీ?” శశిభూషణ్ గొంతు, రికార్డులో.

సీతారామలక్ష్మి చిన్నగా, బతిమాలుతున్నట్టు అంది.

“వద్దు బాబూ. ఆ ముఖం పెట్టకండి. ఆ ముఖం నాకు తెలుసు. ఆపెయ్యండి. తీసెయ్యండి ఇది.”

హెడ్‌సెట్ తీసేసరికి సూర్యకళ కళ్ళు తడిగా ఉన్నాయి. తుడుచుకోకముందే తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది.

“మెషీన్లో సినిమా బాగుందా మేడమ్?”

ఎస్సై పల్లంరాజు. పడవ కేసప్పుడు ఆమె దగ్గర కొత్తగా చేరిన ట్రైనీ ఎస్సై. ఇప్పుడు ఈ స్టేషనుకి అధికారి. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, చేతిలో సీలు వెయ్యడానికి లక్క, గుడ్డ.

“ఈ గది సీజ్ చేస్తున్నాం. కంప్యూటరు, హెడ్‌సెట్ అన్నీ తీసుకెళ్తాం. మీరు బయటికి వెళ్ళండి. ప్రైవేటు మనుషులకి ఇక్కడ పని లేదు.”

“ఆత్మహత్య అని తేల్చేశారా?”

“దొరికిన కాగితం అలా చెప్తోంది.” పల్లంరాజు ఫోనులో ఫొటో చూపించాడు. మృతురాలి హ్యాండ్‌బ్యాగులో దొరికిన డాక్టర్ చీటీ. “‘ఇంటి దగ్గర సాధన: ఘాట్‌కి వెళ్ళి మూడు మెట్లు దిగాలి.’ నీళ్ళంటే చచ్చేంత భయమున్న మనిషిని నీళ్ళ దగ్గరకి వెళ్ళమని రాసిచ్చారు. వెళ్ళింది. పోయింది. ఆత్మహత్య కాకపోతే డాక్టరు నిర్లక్ష్యం. ఏదైనా కేసు ఇక్కడితో సరి.”

“మొత్తం చదవండి.”

“చదివాను.”

“గట్టిగా చదవండి రాజుగారూ.”

అతను విసుగ్గా చదివాడు. “‘నమ్మకమైన మనిషి చెయ్యి పట్టుకుని, మూడు మెట్లు దిగాలి.’”

“చెప్పులు ఎన్నో మెట్టు మీద దొరికాయి?”

“తొమ్మిదో మెట్టు.”

“మూడు మెట్లకి కూడా చెయ్యి కావలసిన మనిషి తొమ్మిదో మెట్టు దాకా ఒంటరిగా దిగిందా? ఆ చెయ్యి ఎవరిది?”

పల్లంరాజు ఫోను జేబులో పెట్టుకున్నాడు. “మేడమ్, మీరంటే నాకు గౌరవం. కానీ ఒక్క మాట. ఆ పడవ కేసులో, ఇనప చప్పుడన్న మాట రాద్దామని నేనే అన్నాను. ఏడుస్తున్నవాళ్ళు చెప్పేవన్నీ రాస్తే ఫైలు తెమలదు రాజూ అన్నారు మీరు. ఆ మాట మీ దగ్గరే నేర్చుకున్నాను.”

సూర్యకళ హెడ్‌సెట్ బల్ల మీద పెట్టింది.

“తప్పు నేర్పాను” అంది. “ఆ రోజు నేను విని ఉంటే సీతారామలక్ష్మి మూడేళ్ళ కిందటే మొత్తం చెప్పేది. ఇప్పుడు బతికుండేది. నా మీద కోపం తర్వాత తీర్చుకోండి. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. మంగళవారం ఆమెని ఇక్కడికి తీసుకొచ్చిందెవరు?”

“మరిది, శివరామకృష్ణ. చంద్రరావు తమ్ముడు. పదిన్నరకి ఇక్కడ దింపి, చేపల మేతకి తవుడు మాట్లాడ్డానికి మండపేట మిల్లుకి వెళ్ళిపోయానని స్టేట్‌మెంటిచ్చాడు. పాపం, అన్న పోయినప్పట్నుంచీ వదిన్ని కన్నతల్లిలా చూసుకున్నాడండి.”

చేపల మేత. చేపల చెరువు. సూర్యకళ మెట్లు దిగి కిందకి పరిగెత్తినట్టే వెళ్ళింది. పల్లంరాజు వెనకాలే వచ్చాడు.

“డాక్టరుగారూ, మొదటి రోజు సీతారామలక్ష్మితో ఎవరొచ్చారు?”

“మరిదిగారు. ప్రతిసారీ ఆయనే వచ్చేవారు. ఆ చీటీ కూడా ఆయన చేతికే ఇచ్చాను.”

“ఆయన హెడ్‌సెట్ ఎప్పుడైనా పెట్టుకున్నారా?”

“పెట్టుకున్నారండి. పేషెంటుతో వచ్చినవాళ్ళకి మొదటి రోజు మేమే పెట్టి చూపిస్తాం, వాళ్ళకి భయం లేకుండా. అప్పుడు ఉత్త ఏటిగట్టే. చక్రం ఎలా తిప్పుకోవాలో కూడా శశి చూపించాడు. కొలత రిజిస్టర్లో ఉంటుంది.”

డాక్టర్ పేజీలు తిప్పింది. వేలు ఒకచోట ఆగింది.

“శివరామకృష్ణ. డెబ్బై ఒకటి.”

పల్లంరాజు రిజిస్టరు తీసుకుని తనే చూశాడు. సూర్యకళ పైన రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టింది. 11:03. డెబ్బై ఒకటి.

“ఒక్క అంకె పట్టుకుని...” అన్నాడతను. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

“కోర్టుకి చాలదు. నాకు చాలు. మండపేట వెళ్ళలేదు అతను. వదిన వణుకుతూ కిందకి రావడం చూశాడు. పైకెళ్ళి ఆమె ఏం చూసిందో తనూ చూశాడు. తన చొక్కా, తన చేతిలో తాడు. తన ఇంజను. అన్నని చంపుకున్న ఇంజను. ముఖం ఒక్కటే లేదు.”

“మరి ఆవిడ గుర్తుపట్టింది కదా, అతనితో ఘాట్‌కి ఎందుకు వెళ్తుంది?”

“ముఖం పెట్టొద్దంది రాజుగారూ. మూడేళ్ళు అన్నం పెట్టిన మరిది. అతన్ని ముందు అడుగుదాం, వాడి నోటితోనే విందాం అనుకుని ఉంటుంది. ఇక్కడ చెప్పుకోవడానికి వీలు దొరకలేదు మరి.”

డాక్టర్ ఫణిశ్రీ ముఖం చేతుల్లో దాచుకుంది.

“ఇప్పుడెక్కడున్నాడతను?” సూర్యకళ అడిగింది.

“పొద్దున ఎనిమిదిన్నరకి స్టేషనుకొచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు. వదిన పేరు మీద ఆవిడ బళ్ళో మొక్కలు నాటిస్తాడట. కడియం వెళ్తున్నానన్నాడు.”

కడియం.

ఆర్నెల్ల క్రితం కడియంలో ఒక నర్సరీకి మల్లె అంట్లు కొనడానికి వెళ్ళింది సూర్యకళ. అక్కడ కవర్లలో మట్టి నింపుతూ వీరమ్మ కనిపించింది. పడవ ముంచినవాడి పెళ్ళామని ఊరు వెళ్ళగొడితే అక్కడ కూలికి చేరిందని ఎవరో చెప్పారు. సూర్యకళ పలకరించలేదు. ముఖం తిప్పుకుని, మొక్కలు కూడా ఏరుకోకుండా, ఇచ్చినవి తీసుకుని వచ్చేసింది.

“ఆ సీన్లో తాడు పట్టుకున్న ఆడమనిషి ఉంది. వీరమ్మ. అతను కూడా చూశాడు. ఇక మిగిలిన సాక్షి ఆమె ఒక్కతే.”

నర్సరీ నంబరు ఫోన్లోనే ఉంది. యజమాని ఎత్తాడు. వీరమ్మని పిలవమంటే, “ఇప్పుడే బయల్దేరుతోందండి, ఉండండి” అన్నాడు. రెండు నిమిషాలకి ఆమె గొంతు వినిపించింది.

“ఎవరండీ?”

“వీరమ్మా, నేను సూర్యకళని. అప్పటి ఎస్సైని.”

“తెలుసండి. మల్లె అంట్లు కొనుక్కెళ్ళారు కదా. నేను చూశానండి మిమ్మల్ని.”

పల్లంరాజు ఫోను స్పీకరు నొక్కాడు.

“అక్కడికి శివరామకృష్ణ వచ్చాడా?” అని సూర్యకళ అడిగింది.

“వచ్చారండి. గేటు కాడ కారులో కూర్చున్నారు. నేను చేతులు కడుక్కుంటన్నాను. నడిలంక రేవుకి తీసుకెళ్తానంటున్నారండి. ఆ రోజు ఎక్కడ నిలబడ్డానో, ఏం జరిగిందో చూపిత్తే, కాయితం రాయించి మా ఆయన మీదున్న తప్పు కొట్టేయిత్తారంట. నా చేతులు పట్టుకుని ఏడ్చారండి పాపం.”

“వీరమ్మా, ఆ కారు ఎక్కొద్దు. యజమాని దగ్గరే కూర్చో. నేను వస్తున్నాను. నువ్వేం చెప్పినా నేను రాసుకుంటాను.”



“అమ్మా, ఆ రోజు మీ జీపు కాడ పొద్దుటేల్నుంచి చీకటిపడేదాకా నిలబడ్డానండి. చేతులు ఎట్టా కోసుకుపోయాయో చూపిద్దామని. మీరు పిలవలేదు. మూడేళ్ళయిపోయింది. ఇన్నాళ్ళకి ఒక్కరొచ్చి, చెప్పమ్మా అన్నారు. ఇప్పుడు మీరొచ్చి ఎల్లొద్దంటే ఎట్టాగండి?”

“అతనే ఆ తాడు లాగింది! నీకు తెలుసు కదా!”

“తెలుసండి. ఆయన మారాడండి. నేను లాగాను అని ఆయన నోటితోనే అన్నాడు. మీరు కూడా రేవు కాడికే రండి.”

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల అడుగులు దూరమయ్యాయి. సూర్యకళ వీరమ్మా, వీరమ్మా అని అరుస్తూనే ఉంది. ఎక్కడో కారు తలుపు పడింది.

పల్లంరాజు అప్పటికే బయటికి పరిగెత్తి జీపు తీశాడు. “ఎక్కండి మేడమ్! హైవే మీద రావులపాలెం వంతెన దగ్గర ఆపిస్తాను. నడిలంక వెళ్ళాలంటే ఆ వంతెన దాటాల్సిందే” అంటూ వైర్‌లెస్ అందుకున్నాడు.

సూర్యకళ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఎక్కింది. నర్సరీ యజమాని మళ్ళీ అందుకున్నాడు.

“అమ్మా, వీరమ్మ వెళ్ళిపోయిందండి. పిలిచినా ఆగలేదు.”

“కారు ఎటు వెళ్ళింది? హైవే ఎక్కిందా?”

“లేదండీ” అన్నాడతను, తనకీ వింతగా తోచినట్టు. “రావులపాలెం వైపు కాదండి. ఏటిగట్టు వైపు తిరిగింది.”